పద్దెనిమిది బొమ్మల ముందు

అరండల్‌పేట పదో లైన్లో, మిక్సీలు బాగుచేసే నా కొట్లోకి
సలోమి టీచరు ఆటోలో తెచ్చిన పెట్టె:
సూపర్ ఎయిట్ ప్రొజెక్టరు, జర్మనీది.
మూత తీస్తే పాత నూనె వాసన,
పాత చీర పేలికలో చుట్టిన ఒకే ఒక్క రీలు.
"బొమ్మ పడుతోందయ్యా, గొంతే పెగలడం లేదు" అంది
ఆస్పత్రికి ఎవర్నో తెచ్చినట్టు.

రోహిణి కార్తె. మిరప యార్డు మీంచి వచ్చే ఘాటుకి
నాకూ గొంతు పెగలడం లేదు.

ముందు బెల్టు చూశాను.
బెల్టు లేదు. తారు ఉంది.
నలభై ఏళ్లు ఒకే చక్రాన్ని కావలించుకుని
రబ్బరు అలా అయిపోయింది.
కిరసనాయిలు గుడ్డతో, గోరుతో గీకాను.
రెండు రోజులు అన్నం ముద్దలో అదే వాసన.
టేప్ రికార్డరు బెల్టొకటి కోసి, అతికించి, తొడిగాను.

వాల్యూము తిప్పితే గరగర,
ఎవరో చెవి పక్కనే మరమరాలు నమిలినట్టు.
స్ప్రే కొట్టి అటూ ఇటూ ఇరవైసార్లు తిప్పాను.
గరగర పోయింది, మాట రాలేదు.

అప్పుడు హెడ్డు. ఉలవ గింజంత.
దాని మొహాన కాచురంగు పొడి, దట్టంగా.
స్పిరిటు దూదితో తుడిచేశాక గాని తట్టలేదు:
ఫిల్ము అంచున సన్నటి గోధుమరంగు చార,
మాటంతా అందులోనే ఉంటుంది,
ఈ పొడి ఆ చార రాల్చిందే.
ఏ మాటో, ఎవరి నవ్వో.
అది తుడిస్తేనే మిగతాది వినపడుతుంది.
దూది బుట్టలో వేయబోయి
ఫ్యూజుల డబ్బాలో వేశాను. ఎందుకని అడగొద్దు.

సాయంత్రం గోడకి తెల్లపంచె కట్టి ఆడించాం.
మిషన్ స్కూలు గ్రౌండు. కాన్వాసు బూట్ల ఆడపిల్లలు, వరసలో.
ఎదురుగా ముప్పయ్యేళ్ల సలోమి టీచరు, మెడలో ఈల.
ఈల మోగింది.
"అది నాది కాదు" అంది కుర్చీలోంచి.
"నా ఈల వణకదు. నీ బెల్టు చూసుకో."
చూశాను. అతుకు దగ్గర ఉబ్బు.

మళ్లీ వేశాను.
ఈల ముందు మోగింది, చెయ్యి తర్వాత లేచింది.
"నేనెప్పుడూ టైముకి ముందు ఊదలేదు."
చెప్పాను: ఫిల్ము మీద మాట తన బొమ్మ పక్కన ఉండదు టీచర్‌గారూ,
పద్దెనిమిది బొమ్మల ముందు ఉంటుంది.
ఇదుగో, ఈ కింది మడత ఆ రెండిటినీ కలుపుతుంది.
నేనే నాలుగు బొమ్మలు పొడుగు వదిలాను.
"పద్దెనిమిదంటే ఎంతసేపు?"
ఒక్క సెకను.
ఆవిడ కాలి బొటనవేలితో నేలమీద తట్టి కొలుచుకుంది.

ఇంక మిగిలింది గుయ్యిమనే హోరు.
కండెన్సర్లు మార్చాను. వైరుకి రేకు చుట్టాను.
ట్యూబులైటు ఆర్పాను. పక్క కొట్లో సోడా ఫ్రిజ్జు
బతిమాలి ఆపించాను.
హోరు హోరే.
చివరికి దొడ్లో ఎర్తు గొయ్యి గుర్తొచ్చింది.
రోళ్లు పగిలే ఎండలో గొయ్యి ఒక లెక్కా,
నెర్రెలిచ్చి ఉంది.
గుప్పెడు రాళ్లుప్పు వేసి రెండు బిందెలు పోశాను.
నేల గుటకలు వేయడం వినపడింది.
లోపల్నుంచి ఆవిడ కేక:
"ఆగింది!"

అయినా ఒకటి పోలేదు. టరటర,
సన్నగా, కీచురాయిలా, ఈల వెనకాల, కవాతు వెనకాల.
మోటారు విప్పాను. పళ్లచక్రాలకు నూనె వేశాను.
రీలు చివర ఖాళీ ఫిల్ములో మాత్రం
ఆ చప్పుడు లేదు.
అంటే మిషనుది కాదు.
"ట్రెబులు తగ్గిస్తే పోతుంది, తగ్గించనా?"
"వద్దు. అది కెమెరా."
పంచె మీద పిల్లలు ఎడమ వైపు తిరిగి, కుడి వైపు తిరిగి, నిలబడ్డాక
అంది:
"తీసే మనిషి బొమ్మలో పడడు కదా."
ఎవరని నేను అడగలేదు.

బిల్లు రాశాను.
బెల్టు ఎనభై. కండెన్సర్లు నూటపది.
స్పిరిటు, దూది, నీళ్లు ఏమీ లేదు.
టరటర దగ్గర "బాగవలేదు" అని రాసి
కొట్టేసి
"ఉంది" అని రాశాను.